జీఫు అరణ్యం దాకా

ప్రియమైన సునీల్‌కి,

ప్రభువు నామంలో వందనాలు. ఉద్యోగం పోయి, ఆరాధనకు రావడం కూడా మానేసిన నీ స్నేహితుడి గురించి రాశావు. "ప్రార్థిస్తున్నాం" అని మెసేజ్ పెట్టి ఊరుకున్నావట. ముందు వాడి ఇంటికి వెళ్లరా, మిగతా సంగతులు తర్వాత.

1 సమూయేలు 23వ అధ్యాయం తీసి చూడు. రాజైన సౌలు దావీదును చంపాలని వేటాడుతుంటే, ఆ సౌలు కొడుకు యోనాతానే జీఫు అరణ్యంలోకి వెళ్లి దావీదును కలిశాడు. అంతకుముందు దావీదు పక్షాన మాట్లాడినందుకు తండ్రి విసిరిన ఈటె తప్పించుకున్నవాడు అతను. అయినా వెళ్లి, రాజయ్యేది నువ్వే, నేను నీ పక్కన ఉంటానన్నాడు. సింహాసనం దక్కాల్సినవాడు అనే మాటేనా అది! ఇంకోటి గమనించు. దావీదును తనమీద కాదు, దేవుడిమీద ఆనుకునేలా బలపరిచాడు, నిబంధన (స్నేహ ఒప్పందం) చేసుకున్నాడు, ఇంటికి వెళ్లిపోయాడు. నువ్వు తప్ప దిక్కులేదని వాడు అనుకునేలా చేశావనుకో, నువ్వు అలసిపోయిన రోజు వాడు మళ్లీ కూలబడతాడు.

ఏం మాట్లాడాలా అని కంగారుపడకు. పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికొచ్చిన స్నేహితులు ముగ్గురూ 7 పగళ్లు, 7 రాత్రులు అతనితో నేలమీద కూర్చుని ఒక్క మాటా అనలేదు. వాళ్లు చేసిన మేలంతా ఆ వారంలోనే! యోబు బాధ వెళ్లగక్కగానే వాళ్లలో ఎలీఫజు కారణాలు తవ్వడం మొదలెట్టాడు, చివరికి దేవుడే వాళ్లమీద కోపగించాడు. అందుకే దేవుణ్ణి ప్రేమించేవారికి అన్నీ మేలుకే జరుగుతాయనే రోమా 8:28 మొదటి రోజే ఎత్తకు. వాక్యం సత్యమే, కానీ ఆ పూట వాడికి "ఇక ఏడవకు" అన్నట్టే వినిపిస్తుంది. "ఏమైనా కావాలంటే చెప్పు" అని కూడా అనకు, మొహమాటస్థుడు ఎప్పటికీ చెప్పడు. "మంగళవారం సాయంత్రం వస్తా, దరఖాస్తులు కలిసి రాద్దాం" అను. అన్న రోజున వెళ్లు. మొదటి నెల అందరూ వస్తారు. మూడో నెలలో తలుపు తట్టేవాడు ఉండడు, ఆ తేదీలు ఇప్పుడే ఫోన్లో పెట్టుకో.

డబ్బు ఇస్తే తిరిగి రాదనుకునే ఇవ్వు. అప్పని లెక్క రాసుకుంటే వాడు నీకు మొహం చాటేస్తాడు, డబ్బుతోపాటు మనిషీ పోతాడు. హామీ సంతకం మాత్రం వద్దు. సామెతలు 22:27 చూడు, కట్టలేకపోతే నీ కింద పరుపు కూడా లాక్కుపోతారట. గలతీ 6:2 ఒకరి భారాలు ఒకరు భరించమంది, మూడు వచనాలు దాటగానే ఎవరి బరువు వాళ్లే భరించాలంది. కాబట్టి ఇంటద్దెకు సాయపడు. ఇంట్లో నిజం చెప్పాల్సింది, ఉద్యోగానికి తిరగాల్సింది మాత్రం వాడే.

తప్పేదైనా కనిపిస్తే మత్తయి 18:15 ప్రకారం వాడితో ఒంటరిగానే మాట్లాడు. వాడు ఒప్పుకోకుండా వాడి సంగతి కూటంలో ప్రార్థన అంశంగా చెప్పకు. చాడీలకు మన సంఘాల్లో అంత మర్యాదైన దారి ఇంకోటి లేదు! ప్రార్థనేదో వాడి ఇంట్లోనే, లేచి వచ్చే ముందు, వాడి పేరు పెట్టి రెండు నిమిషాలు చెయ్యి.

వెళ్లొచ్చాక రాయి.

నీ
ప్రకాశ్