తోడేలు ఈనిన బొరియకు పొగ పెట్టడం సాహసమా?

సంపాదకుల వారికి,

గత వారం మీ జిల్లా పేజీలో తోడేళ్ల గురించి వచ్చిన వార్త చదివినప్పటి నుంచి మనసు కుదుటపడలేదు. వాగు గట్టున ఉన్న బొరియకు ఎండు తాటాకులతో పొగ పెట్టి, ఊపిరాడక చచ్చిన పిల్లలను బయటికి లాగి వరసగా పేర్చితే, దాన్ని మీ విలేకరి ‘యువకుల సాహసం’ అని రాశారు. కళ్లయినా తెరవని పిల్లలను చంపడంలో సాహసం ఎక్కడుంది? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో తోడేలు మొదటి షెడ్యూలులో, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. దాన్ని చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. ఆ ఒక్క ముక్క రాయడానికి మీ పేజీలో చోటు లేకపోయిందా?

‘ఏడాది పొడవునా జతకట్టి విపరీతంగా పెరిగిపోతున్నాయి’ అన్న వాక్యం మరీ అన్యాయం. జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి, ఇది చదివి ఊరుకోలేను. ఆడ తోడేలు ఏడాదికి ఒక్కసారే ఎదకు వస్తుంది. మన దేశంలో అవి ఎక్కువగా అక్టోబరు, డిసెంబరు మధ్య జతకడతాయి. సుమారు 63 రోజులు మోసి చలికాలంలో ఈనుతాయి. గుంపులో ఎన్ని ఉన్నా మామూలుగా పిల్లలను కనేది ఒక్క జంటే. మిగిలినవి చాలావరకు ఆ జంటకు ముందు ఈతల్లో పుట్టినవే. తల్లి బొరియ వదిలి కదలలేని రోజుల్లో మగది వేటాడి వచ్చి, మింగిన మాంసాన్ని దాని ముందు కక్కి పెడుతుంది. పిల్లలు కాస్త పెద్దవయ్యాక వాటికీ అలాగే పెడుతుంది. ముందు ఈత పిల్లలు చిన్నవాటికి కాపలా కాస్తాయి. పుట్టిన పిల్లకు ఈడు రావడానికి దాదాపు రెండేళ్లు పడుతుంది. సాధారణంగా ఆ ఈడుకే అది గుంపు వదిలి జోడు వెతుక్కుంటుంది. ఒక బొరియకు పొగ పెడితే ఆ గుంపుకు ఆ ఏటి సంతానం మొత్తం పోయినట్లే.

ఇక మీరు వేసిన ఫోటో. అందులో జంతువు తోక వీపు మీదికి చుట్టుకుని ఉంది. తోడేలు తోక కిందికి వేలాడుతుంది. అది వీధికుక్క. ఏడాదికి రెండు ఈతలు ఈనగలిగేది కూడా కుక్కే. మాంసం దుకాణాల వ్యర్థాలు చెరువు గట్ల మీద పోస్తుంటే, కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు కాగితాల మీదే జరుగుతుంటే, అవి గుంపులు కట్టి మందల మీద పడుతున్నాయి. నింద తోడేలు మీదికి పోతోంది. జోడు దొరకని తోడేలు కుక్కతో కలిసే ప్రమాదమూ ఉంది. పుణె దగ్గర అలాంటి సంకరం పుట్టిందని 2023లో జన్యు పరీక్షలే తేల్చాయి. కుక్కల నుంచి రేబిస్ సోకితే తోడేళ్ల గుంపుకు గుంపే పోవచ్చు.

తోడేలు గొర్రెలను ఎత్తుకుపోదని నేను అనడం లేదు. ఎత్తుకుపోతుంది. చీపురుపల్లి, గరివిడి వైపు మంద తోలుకునే కాపరికి ఒక్క గొర్రె పోయినా ఎంత దెబ్బో నాకు తెలుసు. కానీ ఆ కాపరి అర్జీ పట్టుకుని వెళ్తే ఒక కార్యాలయంలో ‘ఆ భూమి మాది కాదు’ అంటారు, ఇంకో కార్యాలయంలో ‘ఆ జంతువు మాది కాదు’ అంటారు. తోడేలు దట్టమైన అడవిలో కంటే బంజర్లలో, తుప్పల్లో, వాగు గట్లలోనే ఎక్కువగా బతికే జంతువు. ఆ బంజర్లనే గ్రావెల్ కోసం రాత్రింబవళ్లు తవ్వుతున్నారు. లారీలు పట్టుకునే నాథుడు లేడు. ఏ అధికారి చూసినా బదిలీ అయ్యేదాకా రోజులు నెట్టుకొస్తున్నాడు. జార్ఖండ్‌లో 1976లోనే తోడేళ్ల కోసం మహువాడాండ్ అభయారణ్యం ఏర్పాటు చేశారు. మనకు అంత పెద్దది అక్కర్లేదు. ఈనే కాలంలో వాగు గట్టు జోలికి ఎవరూ పోకుండా చూస్తే చాలు.

దసరా వెళ్లగానే సచివాలయాల్లో నోటీసులు అంటించండి, ఊళ్లలో దండోరా వేయించండి. గొర్రె చచ్చిన రోజే పశువైద్యుడు వచ్చి కాగితం రాసివ్వాలి. పరిహారం కోసం కాపరిని నెలల తరబడి తిప్పడం మానాలి. ఆ డబ్బు సకాలంలో చేతికి వస్తే తాటాకులు పట్టుకుని బొరియ దగ్గరికి వెళ్లే అవసరం అతనికి ఉండదు.

- విశ్రాంత అధ్యాపకుడు,
విజయనగరం జిల్లా