పెద్ద రాంచ్, దాని అసలు మనుషులు

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? నాన్నగారి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? "టెక్సాస్‌లో ఊళ్ళకి ఊళ్ళంత పశువుల రాంచ్‌లు ఉంటాయంట, అవి ఎవరివిరా?" అని అడిగి ఫోన్ పెట్టేశావు. రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే రాస్తున్నా. అన్నీ కాదు, కింగ్ రాంచ్ ఒక్కటే చెప్తా.

ఇప్పుడు అది 8,25,000 ఎకరాలు. రోడ్ ఐలాండ్ రాష్ట్రం కన్నా పెద్దది. గట్టు జరిగిందని కోర్టుకెక్కిన మీ బాబాయికి ఈ లెక్క చెప్పకు, నిద్ర పట్టదు.

మొదలుపెట్టింది రిచర్డ్ కింగ్. ఐర్లాండ్ నుంచి వలసొచ్చిన పేదవాళ్ళ కొడుకు, 1824లో న్యూయార్క్‌లో పుట్టాడు. నగల పనివాడి దగ్గర పనికి పెడితే పదకొండేళ్ళకి పారిపోయి, ఓడలో దాక్కుని అలబామా చేరాడు. పడవల మీదే పెరిగి, రియో గ్రాండే నదిలో ఆవిరి పడవల కెప్టెన్ అయ్యాడు. 1853లో శాంటా గెర్ట్రూడిస్ వాగు దగ్గర 15,500 ఎకరాలు 300 డాలర్లకి కొన్నాడు. ఎకరం ధర రెండు అమెరికన్ సెంట్లు కూడా పడలేదు! అమ్మింది మెండియోలా అనే మెక్సికన్ కుటుంబం వారసులు. అప్పటికి అయిదేళ్ళ కిందటే అమెరికాతో యుద్ధంలో మెక్సికో ఓడి, సరిహద్దు రియో గ్రాండేకి జరిగింది. నదికి ఇవతల భూములున్న పాత హక్కుదారులకి, కొత్త ప్రభుత్వంలో తమ పత్రాలు చెల్లుతాయో లేదోనని టెన్షన్. కెప్టెన్ గారి తెలివిని పొగిడేవాళ్ళు ఈ సంగతి ఎత్తరు. నాకైతే ఆ ధరలో సగం తెలివి, సగం ఆ యుద్ధం కనిపిస్తాయి.

భూమి వచ్చింది సరే, పడవలు నడిపేవాడికి పశువుల సంగతి ఏం తెలుసు? ఇక్కడే నాకు బాగా నచ్చిన భాగం. 1854 ప్రాంతంలో కరువొచ్చి మెక్సికోలోని క్రూయాస్ అనే ఊరివాళ్ళు పశువుల్ని అమ్ముకుంటుంటే కింగ్ కొనేశాడు. పశువుల్ని తోలుకుని కొంత దూరం వచ్చాక, ఇక వీళ్ళు ఏం తిని బతుకుతారని తట్టిందట. వెనక్కి వెళ్ళి, నాతో వస్తే పని, తిండి, ఇల్లు ఇస్తానన్నాడు. పిల్లాజెల్లా, ముసలీముతకా అంతా మూటలు కట్టుకుని కదిలారు. గుర్రం మీద పశువుల్ని తోలడం, తాడు విసిరి పట్టడం, వాతలు వెయ్యడం, అన్నీ వాళ్ళకి వచ్చిన విద్యలే. వాళ్ళని కినేన్యోలు అంటారు, అంటే కింగ్ మనుషులని. తరతరాలుగా ఆ కుటుంబాలు అక్కడే పని చేశాయి. పత్రాల మీద పేరు కింగ్‌ది, రాంచ్‌ని నిలబెట్టింది మాత్రం వీళ్ళేనంటాను నేను.

1885లో కింగ్ పోయేనాటికి ఆరు లక్షలకు పైగా ఎకరాలు, అయిదు లక్షల డాలర్ల అప్పు. భార్య హెన్రియెట్టా, పాస్టర్ గారి కూతురు. ఆ తర్వాత బతికిన నలభై ఏళ్ళూ నల్లబట్టలే కట్టింది. అల్లుడు రాబర్ట్ క్లేబర్గ్‌ని పక్కన పెట్టుకుని అప్పు తీర్చి, భూమి ఇంకా పెంచింది. రైలు రావడానికి స్థలమిచ్చింది, 1904లో కింగ్స్‌విల్ ఊరు వెలిసింది. 1925లో ఆవిడ పోయినప్పుడు, రాంచ్ కాపరులు గుర్రాల మీద వచ్చి సమాధి చుట్టూ తిరిగారు.

ఇక మనదాకా వచ్చే సంగతికొస్తా! టెక్సాస్ ఎండకీ పిడుదులకీ ఇంగ్లండ్ జాతి ఆవులు ఆగలేదు. అందుకని ఆ అల్లుడి కొడుకు, ఆయన పేరూ రాబర్టే, షార్ట్‌హార్న్ అనే ఇంగ్లండ్ ఆవుల్ని బ్రాహ్మన్ అనే జాతి ఎద్దులతో కలిపించాడు. 1920లో పుట్టిన 'మంకీ' అనే ఎద్దు సంతానంతో శాంటా గెర్ట్రూడిస్ జాతి నిలబడింది. ఎనిమిది పాళ్ళలో మూడు బ్రాహ్మన్, అయిదు షార్ట్‌హార్న్. 1940లో ప్రభుత్వం గుర్తించింది. ఆ బ్రాహ్మన్‌ని గిర్, కాంక్రెజ్ అనే మన దేశపు జాతులతో పాటు మన ఒంగోలు పశువుల నుంచే తయారు చేశారురా!

1960ల్లో ఒంగోలు దగ్గరి కరవది ఊరి ఎద్దు ఒకటి బ్రెజిల్ వెళ్ళింది కదా, మీ పెద్దనాన్న దాన్ని చూశాడేమో అడుగు. చూసుంటే ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి పంపు. అమ్మకి నమస్కారాలు.

నీ
గోపి