పక్షులకు పోటు వేళలు, మనకు ఆఫీసు వేళలు

సంపాదకుడు గారికి,

కార్తీకమాసం వచ్చిందంటే కాకినాడ నుంచి కోరింగ వైపు వనభోజనాల బళ్లు బారులు తీరుతాయి. దాదాపు అదే రోజుల్లో సైబీరియా నుంచీ, మధ్య ఆసియా నుంచీ వలస పక్షులు మన తీరానికి దిగుతాయి. మార్చి దాకా ఇక్కడే ఉంటాయి. ఇంత జనం వస్తున్నారు, అన్ని పక్షులు వస్తున్నాయి, అయినా ఒకరినొకరు చూసుకోకుండానే సీజన్ వెళ్లిపోతోంది. జనానికి ఆసక్తి లేదని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. పక్షుల వేళలకూ, సందర్శన కేంద్రాల గేటు వేళలకూ కుదరడం లేదు, అంతే. ఈ ఉత్తరం ఆ విషయం గురించే.

కోరింగను అభయారణ్యంగా 1978లో ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైమాటే. గౌతమి పాయలు సముద్రంలో కలిసే చోట మడ అడవి, దాని ముందు కాకినాడ అఖాతం, అఖాతానికి అడ్డుగోడలా హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ. గోదావరి తెచ్చిన ఒండ్రు ఇక్కడ పరుచుకుంటుంది. సముద్రం వెనక్కి తీసినప్పుడు చూపు ఆనినంత మేర బురద బయటపడుతుంది. మన కంటికి అది ఒట్టి బురదే. అందులోని పురుగులూ, గుల్లలూ, చిట్టి పీతలే వేల మైళ్లు ఎగిరొచ్చిన ఉల్లంకి పిట్టలకు తిండి. ఈశాన్య సైబీరియాలో గుడ్లు పెట్టే గ్రేట్ నాట్ అనే పక్షి ఇక్కడికి వచ్చి గుల్లల్ని చిప్పతో సహా మింగుతుంది. చంబల్, మహానది ఇసుక తిన్నెల మీద పిల్లల్ని లేపే ఇండియన్ స్కిమ్మర్ కూడా చలికాలంలో కాకినాడ తీరంలో కనిపిస్తుంది. దాని కింది ముక్కు పై ముక్కు కంటే పొడవు. ఎగురుతూనే ఆ ముక్కుతో నీటిని చీల్చుకుంటూ పోయి చేప తగలగానే టక్కున మూసేస్తుంది. ఈ రెండు జాతులూ ప్రపంచంలో అంతరించిపోయే ప్రమాదం ఉన్నవాటి జాబితాలో ఉన్నాయి.

వీటిని చూడాలంటే గడియారం ఒక్కటే చాలదు, పోటు కూడా చూసుకోవాలి. ఆటు సమయంలో పక్షులు బురద మీద ఎక్కడెక్కడికో చెల్లాచెదురుగా పోతాయి. బైనాక్యులర్ పెట్టినా గోధుమరంగు చుక్కలు తప్ప ఏమీ తెలియదు. పోటు ఎక్కుతుంటే బురద మునుగుతూ వస్తుంది, పక్షులు ఒడ్డు వైపు జరుగుతాయి. చివరికి మిగిలిన కాస్త మెట్ట మీద గుంపులుగా నిలబడి నీళ్లు తీసేదాకా ఆగుతాయి. పోటు పూర్తిగా ఎక్కేముందు గంట, రెండు గంటల సేపు ఒడ్డున కదలకుండా కూర్చుంటే చాలు, పక్షులే మన దగ్గరికి వస్తాయి. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది. ఏ రోజుకారోజు ముప్పావు గంట పైగా ఆలస్యమవుతూ ఉంటుంది. అమావాస్యకీ, పౌర్ణమికీ బలంగా ఉంటుంది. ఇవాళ పొద్దున ఏడింటికి వచ్చిన పోటు వారం గడిచేసరికి మధ్యాహ్నానికి జరుగుతుంది. ఇక మడ చెట్లలో ఉండే పిట్టల్ని చూడాలంటే తెల్లవారుజామే మేలు.

మరి మన సందర్శన కేంద్రాలు ఎప్పుడు తెరుస్తారు? చాలా వాటికి ఆఫీసు వేళలే వేళలు. పొద్దెక్కాక టికెట్ ఇస్తారు, చీకటి పడకముందే పంపేస్తారు. మొన్న సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చిన మా చుట్టాలు ఇలాంటి ఒక కేంద్రానికి మిట్టమధ్యాహ్నం వెళ్లొచ్చారు. చెక్కబాట మీద నడిచారు, ఫొటోలు దిగారు, ఒక లకుముకి పిట్టనీ, బురదలో గెంతే చేపల్నీ చూశారు. "పక్షులు అన్నారు, ఏవండీ?" అని మా బావగారు అడిగారు. తప్పు ఆయనది కాదు. ఆ వేళకు అక్కడ పక్షులు ఉండవని టికెట్ ఇచ్చినవాళ్లు చెప్పాలిగా!

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ తీరంలో పోటు వేళల్ని ముందే లెక్కకట్టి ఇస్తుంది. వాటిని చూసి టికెట్ కిటికీ పక్కన నల్లబల్ల మీద రేపటి పోటు ఎన్నింటికో రాసిపెడితే ఖర్చేముంటుంది? అక్టోబరు నుంచి మార్చి వరకు శని, ఆదివారాలైనా సూర్యోదయానికి ముందే గేటు తెరవమని అడుగుతున్నాను. సిబ్బంది చాలరని అంటారని తెలుసు. రోజూ అక్కర్లేదు. తెల్లవారుజామున వచ్చేవాళ్లు ముందురోజే పేరు రాయించుకోవాలని షరతు పెట్టండి. పదిమంది లోపే వస్తారు. పక్షులకూ అదే మంచిది.

చూసేవాళ్ల పక్కన చూపించే మనిషి కూడా కావాలి. పోటు ఎప్పుడో, ఏ పాయలో ఎంత నీరుంటుందో తిథి చూసి చెప్పగలిగే వాళ్లు తాళ్లరేవు చుట్టుపక్కల మత్స్యకార పేటల్లో ఇంటికొకరు ఉంటారు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్ వాళ్లు ఇక్కడ చచ్చిపోయిన మడ అడవిని తిరిగి పెంచినప్పుడు, నీరు లోపలికి పారేలా చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి మొక్కలు నాటింది ఈ పేటల జనంతో కలిసే. ఆ కుటుంబాల కుర్రాళ్లకు పక్షుల్ని గుర్తుపట్టడం నేర్పి, తలా ఒక బైనాక్యులర్ ఇస్తే బయటి నుంచి గైడ్లను తేవాల్సిన పని లేదు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల చేపల వేట నిషేధ కాలంలో ఇది వాళ్లను ఆదుకుంటుందని మాత్రం చెప్పను. అప్పటికి వలస పక్షుల్లో చాలావరకు వెళ్లిపోయి ఉంటాయి. చలికాలంలో నాలుగు డబ్బులు అదనంగా వస్తాయి. ఆ మాత్రం చాలు.

ఆ పిట్టలన్నీ ఒకేలా ఉంటాయి, మనవాళ్లకు తేడాలు తెలియవు అని ఒక మిత్రుడు అన్నాడు. గోదావరి జిల్లాల్లో ఉండి అనాల్సిన మాట కాదది. సంక్రాంతి బరిలో పుంజును చూసీ చూడగానే ఇది డేగ, ఇది కాకి, ఇది నెమలి, ఇది సేతువ అని రంగుని బట్టి చెప్పేవాళ్లు ఊరూరా ఉన్నారు. ఏ రోజున ఏ రంగు గెలుస్తుందో కూడా వాళ్ల దగ్గర శాస్త్రం ఉంది (దాని సంగతి పోలీసులు చూసుకుంటారు). ఆ కళ్లకు ఉల్లంకి పిట్టల్లో తేడా తెలియదంటే నేను నమ్మను. చూపించేవాళ్లు లేరు, అంతే. కేంద్రాల దగ్గర పెట్టే బోర్డుల మీద పక్షి బొమ్మ, తెలుగు పేరు, అది ఏ నెలల్లో, ఏ చోట కనిపిస్తుందో రాయాలి. నారాయణ పక్షి, తెడ్డుమూతి కొంగ, నీటికాకి లాంటి పేర్లు మనకు ఉండనే ఉన్నాయి. లేనివాటికి ఇంగ్లీషు పేరే తెలుగు అక్షరాల్లో రాసినా ఇబ్బంది లేదు. శాస్త్రీయ నామం ఒక్కటే రాసిన బోర్డు వల్ల బడిపిల్లలకు ఏం లాభం?

వచ్చేవాళ్లకూ ఒకటి చెప్పాలి. వనభోజనాలకు నేను వ్యతిరేకిని కాదు, ఉసిరి చెట్టు కింద పులిహోర నాకూ ఇష్టమే. లౌడ్‌స్పీకర్ మాత్రం ఇంట్లో వదిలి రండి. అంతకన్నా నాకు కోపం తెప్పించేది పెద్ద కెమెరాల వాళ్లు. ఎగిరే ఫొటో కోసం ఇసుక దిబ్బ మీద సేదతీరుతున్న గుంపు మీదికి పడవ తోలించేవాళ్లున్నారు. తిరుగు ప్రయాణానికి ఒంట్లో కొవ్వు దాచుకుంటున్న పక్షిని పదేపదే లేపితే అది దాచుకున్నదంతా ఆ ఎగురుళ్లకే ఖర్చవుతుంది. ఎంత దూరంలో ఆగాలో పడవవాళ్లకు రాతపూర్వకంగా చెప్పి, దాటితే జరిమానా వేయాలి. ఇందులో మొహమాటం పనికిరాదు.

మనకు చేతకాదనుకోవడానికి లేదు. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో ఊరి చెరువే పక్షి కేంద్రమైంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో జనం వలస కొంగల్ని ఊరికి శుభమని కాచుకుంటారు. మనకు దగ్గర్లో, గోదావరి, కృష్ణ డెల్టాల నడుమ కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూడబాతుల (పెలికాన్ల) కోసం ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. అవి వాటి మీదే గూళ్లు కట్టుకుంటున్నాయి. గూడబాతు పెద్ద పక్షి, ఏ వేళకు వెళ్లినా గూటి దగ్గర కనిపిస్తుంది. అందుకే ఆటపాక నుంచి జనం సంతోషంగా తిరిగొస్తారు. కోరింగ తీరు వేరు. ఇక్కడ వేళ తప్పితే ఏమీ మిగలదు. రెండింటికీ ఒకే రకం టైమింగులు పనికిరావు.

కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ చెట్లు కొట్టేసిన వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఆ బురదలో ఏముందో అప్పటికే ఊళ్లో పదిమందికి తెలిసి ఉంటే అది అంత సులువుగా జరిగేదా అనిపిస్తుంది.

చివరిగా ఒక ప్రతిపాదన. తమిళనాడులో పొంగల్ పండగ రోజుల్లో మామూలు జనమే తమ ఊళ్లో పక్షుల్ని లెక్కపెట్టి, పక్షుల వివరాలు పెట్టే వెబ్‌సైట్ ఈ-బర్డ్‌లో నమోదు చేస్తారు. సంక్రాంతికి మన దగ్గర ప్రతి ఇంటా చుట్టాలు, పిల్లలు నిండి ఉంటారు. కనుమ నాడు పొద్దున్నే పావుగంట పంటకాలువ గట్టు మీద నిలబడి లెక్కపెట్టడానికి గేటూ టికెట్టూ అక్కర్లేదు. గోదావరి జిల్లాల కాలేజీల జంతుశాస్త్ర విభాగాలు పూనుకుంటే వచ్చే సంక్రాంతికే మొదలుపెట్టవచ్చు. గేటు వేళల సంగతి మాత్రం అంతదాకా ఆగకుండా ఈ అక్టోబరు లోపలే తేల్చాలని సంబంధిత అధికారుల్ని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తాళ్లరేవు మండలం