నాబ్ ఉబ్బుగా ఉంటే మెరుపు తగ్గినట్టేనా?

ఎడిటర్ గారికి,

చిన్న పరిశ్రమలవాళ్లు క్వాలిటీ పట్టించుకోరని మీ పేపర్లో తరచూ చదువుతుంటాను. కొంత నిజమే, కాదనను. కానీ ఆ క్వాలిటీని ఎలా కొలుస్తున్నారో ఎవరూ రాయరు, అందుకే ఈ ఉత్తరం.

నేను జీడిమెట్లలో ఒక చిన్న ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్లో ఇన్‌స్పెక్షన్ చూస్తాను. మిక్సీలకు నల్ల నాబులు చేస్తాం. కొనే కంపెనీ ఇచ్చే డ్రాయింగ్‌లో ఒక్క ముక్కే ఉంటుంది: గ్లాస్ 60 డిగ్రీల మీటర్‌తో 80కి తగ్గకూడదు. (ఈ గ్లాస్ అంటే మెరుపు. కొత్తగా చేరిన కుర్రాళ్లు గాజు అనుకుని తికమకపడతారు.) పోయిన నెల రెండు వేల నాబులు వెనక్కొచ్చాయి. వాళ్ల ల్యాబ్ రిపోర్టులో 52, 61, 47 అని ఉంది. అదే నాబును ట్యూబ్‌లైట్ కింద తిప్పి చూస్తే వెలుగు గీత సన్నగా, అంచులు చెదరకుండా కనిపిస్తోంది, మెరుపు లేదంటే ఎలా నమ్మాలి?

మీటర్ చేసేది ఇంతే. 60 డిగ్రీల వాలులో వెలుగు వేసి, అదే వాలులో అవతలికి ఎంత తిరిగొచ్చిందో చూస్తుంది, పాలిష్ చేసిన నల్ల గాజు పలకకు 100 అని లెక్క. మామూలు మీటర్ వేసే వెలుగు మచ్చే సుమారు 9 మి.మీ. వెడల్పు, 15 మి.మీ. పొడవు ఉంటుంది. ఉబ్బెత్తు నాబు మీద ఆ వెలుగు పక్కలకు పోతుంది, మీటర్ లోపలి కన్నానికి చేరేది కొంతే. పైగా మీటర్ అడుగు పూర్తిగా ఆనదు, ఆ సందులోంచి బయటి వెలుతురు దూరుతుంది. చెయ్యి కాస్త వంగితే చాలు, పది పాయింట్లు అటూ ఇటూ అయిపోతాయి. 47కి, 61కి తేడా పట్టుకున్న చేతిలో ఉంది, నాబులో కాదు. మెరుపు కొలతకు వాడే ఐఎస్ఓ 2813 అనే అంతర్జాతీయ స్టాండర్డ్ కూడా చదునైన వాటి కోసం రాసిందే!

నాబు కదలకుండా కూర్చునే జిగ్ చేయించి, నల్లగుడ్డ కప్పి, ఎప్పుడూ అదే చోట, అదే దిక్కులో కొలవాలి. చిన్న మచ్చతో కొలిచే మీటర్లు ఉన్నాయి గానీ మా బోటివాళ్లకు ఆ ఖరీదు భారం. ఏం చేసినా వచ్చే నంబర్ నాబుకీ నాబుకీ పోల్చుకోడానికే పనికొస్తుంది. అదే మెటీరియల్‌తో చదును ప్లేట్ చేసి కొలవమన్నారు కొందరు, చేశాం, 86 వచ్చింది. కానీ ప్లేట్ మౌల్డ్ (అచ్చు) వేరు, నాబ్ మౌల్డ్ పాలిష్ అరిగిందా, మౌల్డ్ వేడి చాలలేదా అన్నది ఆ ప్లేట్ చెప్పదు కదా.

కొనేవాళ్లను మేం అడిగేది చిన్నదే. డ్రాయింగ్‌లో నంబర్ పక్కన ఎక్కడ కొలవాలో, దేంట్లో కూర్చోబెట్టి కొలవాలో రాయండి. ఇద్దరూ సంతకం పెట్టిన శాంపిల్స్ రెండు, ఒకటి ఓకే, ఒకటి ఇంతకంటే తగ్గితే రిజెక్ట్, మీ దగ్గరో జత, మా దగ్గరో జత ఉంచండి.

సోమవారం మా జిగ్ పట్టుకుని వాళ్ల ల్యాబ్‌కే వెళ్తున్నాను. వెనక్కొచ్చిన నాబులనే అందులో పెట్టి, వాళ్ల మీటర్‌తో, వాళ్ల మనిషి చేతే కొలవమంటాను.

— ఒక క్వాలిటీ ఇన్‌స్పెక్టర్, జీడిమెట్ల, హైదరాబాద్