సంతకి ఒక పైకప్పు వేయించండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న సోమవారం మా సంతలో ఉన్నట్టుండి గాలివాన మొదలైంది. పొద్దున్నే కొండ దిగి ఆటోలో వచ్చిన ఒకామె ముందు రెండు బుట్టల చింతపండు ఉంది. పైన కప్పడానికి టార్పాలిన్ లేదు. కొంగు తీసి ఒక బుట్ట మీద వేసి, రెండోదాని మీదకి తనే వంగి కూర్చుంది. అయినా పండు తడిసింది. తడిసిన చింతపండు నల్లబడి బూజు పడుతుందని అందరికీ తెలుసు, షావుకారుకి ఇంకా బాగా తెలుసు. సగం ధరకే తూయించుకున్నాడు. ఆశీలు మాత్రం వాన రాకముందే పూర్తిగా కట్టించుకున్నారు.

రెండేళ్ల కిందట మా అమ్మాయి పురుడుకని స్పెయిన్ వెళ్లి రెండున్నర నెలలు ఉన్నాను. అల్లుడిది బెయసాయిన్‌లో రైలు పెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. పక్క ఊరు ఓర్దిసియాలో ప్రతి బుధవారం సంత. 1512లో ఆ ఊరు కాలిపోతే, మళ్లీ నిలదొక్కుకోవడానికి వారం వారం సంత పెట్టుకోమని హువానా రాణి హక్కు ఇచ్చిందట. ఇప్పటికీ జరుగుతోంది. ఊరి నడిమధ్య లావుపాటి స్తంభాల మీద పెద్ద కప్పు, చుట్టూ గోడల్లేవు. చుట్టుపక్కల పల్లెల వాళ్లు తమ పంట తామే తెచ్చి దాని కింద అమ్ముకుంటారు.

అక్కడికి దగ్గర్లోనే ఇదియజాబల్ అనే ఊరుంది, జనం రెండు వేల పైచిలుకు. మన ఖద్దరుకి పొందూరు పేరు అంటుకున్నట్టు, అక్కడి గొర్రె పాల చీజుకి ఆ ఊరి పేరే. 1987 నుంచి ఆ పేరుకి చట్టం రక్షణ కూడా ఉంది. ఒక ముసలామె ముక్క కోసి చేతిలో పెట్టింది. గట్టిగా, ఉప్పగా, కాస్త పొగ వాసనతో ఉంది. పూర్వం కాపరుల గుడిసెల్లో పొయ్యి దగ్గర ఆరబెట్టేవారట, ఆ పొగే రుచిగా నిలిచిపోయింది. ఏటా సెప్టెంబరులో చీజు పోటీ కూడా ఆ సంత ఊళ్లోనే.

ఒక బుధవారం పొద్దంతా వాన. కూరలమ్మే ఒకావిడ తలెత్తి ఆకాశం వైపు చూడనైనా లేదు, మారకం చిల్లర లెక్కపెట్టుకుంటూ ఉంది. మొన్న బుట్ట మీద వంగిన ఆమెని చూసినప్పుడు నాకు ఆవిడే గుర్తొచ్చి కడుపు తరుక్కుపోయింది.

మా అమ్మ కూడా ఇదే సంతలో కంద, చేమ అమ్మి మమ్మల్ని చదివించింది. అప్పుడూ కప్పు లేదు. సంత వేలం పాట ఏటా జరుగుతూనే ఉంది, డబ్బు వస్తూనే ఉంది. అందులోంచి ఒక రేకుల షెడ్డు, నేల మీద సిమెంటు అరుగు, ఆడవాళ్లకి ఒక మరుగుదొడ్డి కట్టించమని అధికారుల్ని వేడుకుంటున్నాను. పొద్దుట నాలుగింటికి ఇల్లు వదిలి వచ్చే ఆడవాళ్లు మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్లు తాగడానికి కూడా భయపడుతున్నారు. షెడ్డు ఆలస్యమైనా సరే, మరుగుదొడ్డి ముందు కావాలి.

ఆ చింతపండు ఆమె వచ్చే సోమవారం మళ్లీ వస్తానంది. ఇంట్లో ఇంకో మూడు బుట్టల పండు ఉందట.

— ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా