డిశ్చార్జ్ అయి వచ్చేవారు పాత మందుల సంచీ కూడా తెండి

విశాఖ కేజీహెచ్ నుంచైనా, ఆరిలోవ వైపు ప్రైవేటు ఆసుపత్రుల నుంచైనా డిశ్చార్జ్ చీటీతో మా మందుల షాపుకి వస్తే ఇకపై వెంటనే మందులు కట్టి ఇవ్వం. చీటీని మీ పాత మందులతో సరిచూశాకే ఇస్తాం, 20 నిమిషాలు పడుతుంది. సాయంత్రం 7 నుంచి 9 దాకా రద్దీ కాబట్టి వీలైతే మధ్యాహ్నం రండి. దీనికి డబ్బేమీ తీసుకోం. నిజం చెప్పాలంటే మా అమ్మకం కాస్త తగ్గుతుంది కూడా.

చీటీలో కొత్త మందులుంటాయి. పాతవాటిలో ఏది ఆపాలో చాలాసార్లు ఉండదు. పాన్ 40, పాంటోసిడ్ 40 పేర్లే వేరు, రెండూ పాంటోప్రజోల్ అనే అసిడిటీ మందే. అది రెండుసార్లు పడితే పెద్దగా ముప్పు లేదు. టెల్మా 40, టెల్మికైండ్ 40 కూడా ఒకే బీపీ మందు, రెండూ కలిపి వేసుకుంటే మాత్రం బీపీ పడిపోయి, మంచం మీంచి లేవగానే కళ్లు తిరుగుతాయి. గుండె రక్తనాళంలో స్టెంట్ వేయించుకున్నవారి చిక్కు ఇంకోటి. క్లోపిటాబ్-ఏ 75లో ఆస్పిరిన్ కలిసే ఉంటుంది. పాత ఎకోస్ప్రిన్ 75, అదీ ఆస్పిరినే, కూడా మింగుతుంటే రక్తస్రావం భయం. ఆ భయంతో రెండూ మానేస్తే స్టెంటులో గడ్డ కట్టవచ్చు. ఏది ఉంచాలో డాక్టరే చెప్పాలి, మేం ఫోన్ చేసి అడుగుతాం. ఆదివారం ఫోన్ దొరక్కపోతే వార్డులో డ్యూటీ డాక్టరు దగ్గరికి మిమ్మల్నే వెనక్కి పంపాల్సి వస్తుంది, విసుక్కోకండి.

మాకు అన్నిటికన్నా భయం ఇన్సులిన్‌తోనే. ఆసుపత్రిలో ఇన్సులిన్ పెన్ను, ఇంట్లో సీసా. ఇక్కడ దొరికే సీసాల్లో ఎక్కువ వాటిలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, పెన్నులో పెట్టే మందు గొట్టం, అంటే కార్ట్రిడ్జిలో 100. పెన్ను పాడైందని కార్ట్రిడ్జిలోంచి 40 యూనిట్ల సీసా కోసం చేసిన ఎర్రమూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 50 యూనిట్లు. షుగర్ పడిపోయి స్పృహ తప్పే మోతాదు అది. అలా ఎప్పుడూ తీయొద్దు.

డిశ్చార్జ్ సమ్మరీ అన్ని పేజీలూ తెండి, బిల్లు కాదు. ఇంట్లో వాడే స్ట్రిప్పులన్నీ, ఆయుర్వేదం పొడులతో సహా, సిరంజి కూడా. ఖాళీ స్ట్రిప్పయినా పనికొస్తుంది. “పొద్దున వేసుకునే తెల్ల మాత్ర” అంటే వందలున్నాయి మా దగ్గర!

ఏ మందు, ఏ పూట, ఎన్నాళ్లు, దేనికోసం అన్నది ఒక కాగితం మీద రాసిస్తాం. ఆపమన్నవాటికి ఎర్ర గీత ఉంటుంది. యాంటీబయాటిక్ రోజుకు 2 చొప్పున 5 రోజులని రాస్తే 10 మాత్రలే ఇస్తాం. శ్రీకాకుళం, పాడేరు బస్సెక్కేవారు ఇన్సులిన్‌ను గుడ్డలో చుట్టాకే ఐస్ డబ్బాలో పెట్టండి. నేరుగా ఐస్ తగిలి గడ్డకడితే అది ఇక పనికిరాదు, మేమూ వెనక్కి తీసుకోలేం.