రోహింగ్యా పిల్లల్ని బడిలో చేర్చుకున్నారు, చదువు ఎవరు చెబుతారు?

ఎడిటర్ గారికి,

మయన్మార్ నుంచి శరణు కోరి వచ్చిన రోహింగ్యాల పిల్లల్ని సర్కారు బడుల్లో చేర్చుకోవాలా వద్దా అన్నదాని మీద వాదనలు చాలానే విన్నాం. చదువు విషయంలో వివక్ష ఉండదని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా అంది. చేరాక వాళ్లకు ఏం వస్తోందని మాత్రం ఎవరూ అడగరు. నేను ఎస్జీటీగా, అంటే చిన్న తరగతుల టీచరుగా రిటైరయ్యాను. సాయంత్రాలు హైదరాబాద్‌లో బాలాపూర్ వైపు ఒక బస్తీలో ఈ పిల్లల్ని చదివిస్తుంటాను.

ఐదో తరగతి పిల్ల ఒకతె నోట్‌బుక్ తెచ్చింది. రాత అచ్చు గుద్దినట్టుంది, పేజీ పేజీకీ ఎర్ర ఇంకు టిక్కు. చదవమంటే గడగడా అప్పజెప్పింది. అనుమానమొచ్చి మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి అడిగాను. నోరు పెగల్లేదు. అక్షరాలన్నీ నల్లబల్ల మీద చూసి దించినవే, పాఠం పక్క పిల్లల నోట విని బట్టీ పట్టింది. తెలివి తక్కువా అంటే, తండ్రి ఏరుకొచ్చే స్క్రాపు కిలోల లెక్కంతా ఆ పిల్లే నోటితో తేలుస్తుంది!

ఇంట్లో మాట్లాడేది రోహింగ్యా, గల్లీలో ఉర్దూ. బడిలో ఇంగ్లిష్ మీడియం, పైగా తెలుగు సబ్జెక్టు. 2022లో తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం పెట్టినప్పుడు పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్ వేశారు. మన పిల్లలకు అది ఆసరా. ఈ పిల్లకు రెండు పేజీలూ ఒకటే.

విద్యాహక్కు చట్టం సెక్షన్ 4 వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోమంది, తోటివాళ్లను అందుకునేలా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని కూడా అంది. మొదటిది రిజిస్టర్‌లో పేరు రాస్తే అయిపోతుంది. రెండోది నాకెక్కడా కనిపించలేదు. టీచర్లను తప్పుపట్టను. ఒకే గదిలో రెండు మూడు తరగతులు, మధ్యలో ఆన్‌లైన్ ఎంట్రీలు, మీటింగులు. ఆ టెన్షన్ నాకూ తెలుసు. తనిఖీకి వచ్చే మండల విద్యాధికారులైనా (ఎంఈఓలు) టిక్కులు చూసి సంతకం పెట్టకుండా, పిల్లలకు కొత్త వాక్యం ఒకటిచ్చి చదివించాలి.

మన పిల్లలకే దిక్కులేదు, వీళ్లకెందుకంటారు కొందరు. ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడిశా కూలీల పిల్లలకు పని దగ్గరే బడి పెట్టి, ఒడియా టీచర్లతో, ఒడియా పుస్తకాలతో చెప్పించింది ఈ రాష్ట్రమే కదా. అప్పుడు ఎవరి చదువూ తగ్గలేదు.

బస్తీలో ఉర్దూ, ఇంగ్లిష్ చదవడం వచ్చిన పెద్ద పిల్లలున్నారు. విద్యాశాఖ వారికి నా మనవి: ఒక్కో బడికి ఒకరిని తీసుకుని, గౌరవ వేతనమిచ్చి, ఒకటో, రెండో తరగతుల్లో టీచర్‌కు తోడుగా ఉంచండి. వయసు మీరి చేరినవాళ్లకు రోజూ ఒక గంట విడిగా చెప్పించండి. జూన్‌లో బడులు తెరిచేలోపు ఎవరినైనా ఎంపిక చేస్తే, క్లాసు ఎలా నడపాలో నేను వచ్చి నేర్పుతాను. నాకు పైసా ఇవ్వక్కర్లేదు.

- ఒక రిటైర్డ్ టీచరమ్మ, బాలాపూర్